ఆరోగ్యవరంలో ఒక పగలు

మదనపల్లె అనగానే ఈనాటివారికి టమోటా మార్కెట్టు గుర్తుకు వస్తుంది. కొంత చదువుకున్నవారు, 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోనికి మార్చిన సంగతి చెబుతారు. మన సంఘాలలోని పెద్దవయసువారిని అడిగి చూడండి. వారికి మదనపల్లె అంటే ఆరోగ్యవరమే. ఆ పేరు కూడా పూర్తిగా పలుకరు, “సానటోరియం” అని గొంతు తగ్గించి అంటారు. క్షయ అనే మాటను ఇంటిలో పైకి అనకూడని రోజుల అలవాటు అది.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో మేము అక్కడికి వెళ్ళి వచ్చాము. మేము దంపతులం, మా సంఘపెద్దలలో ఒకరైన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, ఆయన భార్య, మొత్తం నలుగురం. పేరు వేయవద్దని కోరినా, సంగతి మాత్రం తప్పక వ్రాయమని ఆయనే మమ్మును ప్రోత్సహించారు. ఊరిలో అందరూ పిలిచినట్లే మేమూ ఇక్కడ “సారు” అనే అంటాము.

ఈ ప్రయాణానికి మొదటి కారణం సారు భార్య. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక సాయంకాలం ఆమె మా ఇంటికి వచ్చి చాలాసేపు ఊరకనే కూర్చున్నది. చివరకు చెప్పినది కూడా వినడానికి చిన్న సంగతే. “అమ్మగారూ, ఆయన ఇంటికొచ్చి పిల్లోళ్ళ పేర్లు చెప్పడం మానేసినారు” అన్నది. ఇరవై ఎనిమిది ఏండ్లుగా సారు ఇంటికి రాగానే బడిలో ఎవడు పలకమీద ఏమి తప్పు వ్రాశాడో, ఏ పిల్ల ఏమి అడిగిందో చెప్పి నవ్వించేవారట. రాత్రి అన్నానికి ఆ కబుర్లే కూర. ఆరు నెలలుగా అదంతా పోయింది. బడి మాట వస్తే “వాళ్ళు” అంటారు. “మనమేమి చెప్పినా ఒకటే, వాళ్ళకు రాదు” అంటారు. చెప్పులు విడవకుండానే మంచం అంచున కూర్చుంటారు. రాత్రి రెండు గంటలకు లేచి అరుగుమీద తిరుగుతారు. ఆదివారం మధ్యాహ్నం నుండి కడుపులో నొప్పి మొదలవుతుంది. సోమవారం సెలవు అయితే మాత్రం ఆ నొప్పి రాదు. ఆమె చదివినది ఐదవ తరగతే గాని, ఆ చివరి సంగతిని ఏ డాక్టరూ కనిపెట్టలేనంత చక్కగా కనిపెట్టింది.

సారు సోమరి కాదని ముందే చెప్పాలి. సోమరులకు ఈ బాధ రాదు. ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలసిన బడిలో కొన్నేళ్ళుగా ఆయన ఒక్కరే. ఓటర్ల జాబితా పని వస్తే అదీ ఆయనదే. పాఠం చెప్పే సమయం కన్నా సెల్ ఫోనులో లెక్కలూ ఫొటోలూ పంపే సమయం ఎక్కువైందని ఆయన బాధ. తండ్రి విడిచిపోయిన మూడెకరాల చేను ఉన్నది. ఇక ఆదివారం సంగతి. సండే స్కూలు, హార్మోనియం, సంఘం లెక్కల పుస్తకం, కోతపండుగ వేలంపాట. ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున మరింత పనిచేసే మనుష్యులు మన సంఘాలన్నిటిలో ఉన్నారు. వారు అడిగితే కాదనరు గనుక అందరూ వారినే అడుగుతారు.

కడపలో రక్తపరీక్షలు చేయించారు. షుగరు లేదు, థైరాయిడ్ సరిగానే ఉన్నది, రక్తం తక్కువ కాలేదు. ఆ పరీక్షలు ఎవరైనా ముందు చేయించుకొనవలసినవే, ఎందుకంటే ఆ రోగాలు కూడా మనిషిని ఇలాగే కూలదోస్తాయి. రెండు రోజులు ఎక్కడికైనా పోదాము రండి అని మేము పిలిస్తే, “ఎక్కడికో ఎందుకయ్యగారూ, మా అమ్మ పడుకొన్న చోటు ఒకసారి చూడాల” అన్నారు సారు. వాళ్ళ అమ్మ పెండ్లికి ముందు, 1955 ప్రాంతంలో, పదకొండు నెలలు ఆరోగ్యవరంలో ఉన్నదట.

కడపలో ఆర్టీసీ బస్సు ఎక్కితే గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి, రాయచోటి మీదుగా మదనపల్లె చేరవచ్చు. గువ్వలచెరువు పాలకోవా సంగతి ఆ దారిలో పోయిన ప్రతివారికీ తెలుసు. ఆ దారిన ఎప్పుడు పోయినా బడిపిల్లల కోసం సారు ఒక పొట్లం కట్టించుకొనేవారని ఆయన భార్య చెప్పింది. ఆ దినం ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. ఎవరూ దిగలేదు.

ఆరోగ్యవరం మదనపల్లె పట్టణానికి కొద్ది దూరంలోనే ఉన్నది. అది సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తునేల. గాలి పొడిగా, తేలికగా ఉంటుంది. చుట్టూ రాతిగుట్టలు. పట్టణపు రొద దాటి ఆ ఆవరణలో అడుగుపెట్టగానే మన గొంతు మనకు తెలియకుండానే తగ్గుతుంది. డేనిష్ మిషనరీ వైద్యుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ ఆధ్వర్యంలో, అనేక మిషనులు చేతులు కలిపి దీనిని స్థాపించాయి. అందుకే దానికి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ సానటోరియం అని పేరు. 1915 నుండి రోగులను చేర్చుకొన్నారు. ఒక్కొక్క మిషను తన పొలిమేర తాను చూసుకొనే ఆ దినాలలో, క్షయ ముందు పొలిమేరలు పనికిరావని వారు గ్రహించడం మెచ్చుకోదగిన సంగతి. తరువాత ఇక్కడ సూపరింటెండెంటుగా ఉన్న డాక్టర్ పి.వి. బెంజమిన్ భారతదేశ ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారు అయ్యారు. ఇప్పుడు ఈ స్థలం ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అనే పేరుతో ఇతర వ్యాధులకూ వైద్యం చేస్తున్నది.

క్షయకు మందు లేని కాలంలో ఇక్కడ ఏ వైద్యం చేసేవారు? ఆనాటి ఆరోగ్యాలయాలన్నిటిలో వలెనే మంచి గాలి, బలమైన ఆహారం, విశ్రాంతి. కొందరికి ఊపిరితిత్తికే విశ్రాంతి ఇవ్వడానికి ఛాతీలోనికి గాలి ఎక్కించేవారు. విశ్రాంతి అంటే మన ఇష్టం వచ్చినప్పుడు నడుము వాల్చడం అని అనుకొనవద్దు. అది డాక్టరు చీటీలో వ్రాసే వైద్యం. ఇన్ని గంటలకు పడుకొనవలెను, పడుకొని మాట్లాడరాదు, జ్వరం చూసిన తరువాతనే లేవవలెను. సారు తల్లి ఈ సంగతులు బిడ్డలకు కథలుగా చెప్పేదట. గంట కొట్టగానే వసారా అంతా నిశ్శబ్దం అయ్యేదనీ, పిట్టల శబ్దం తప్ప మరేమీ వినబడేది కాదనీ, మొదటి నెల తనకు అది జైలులాగా ఉండేదనీ, నాలుగవ నెలకు ఆ గంటకోసం ఎదురు చూసేదాననీ చెప్పేది. బాగై ఇంటికి వచ్చి, పెండ్లి చేసుకొని, ఐదుగురిని కని, చేలో కలుపు తీసి, ఎనభై ఏండ్లు బ్రదికిన ఆ తల్లి, మధ్యాహ్నం అన్నం తిన్న తరువాత అరగంట పడుకోవడం మాత్రం చివరిదాకా మానలేదు. దానికి “సానటోరియం గంట” అని పేరు పెట్టింది. ఆ అరగంటలో ఇల్లు తగలబడినా లేపవద్దనేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు “ఈమె దొరసాని” అని నవ్వేవారట.

ఒక చెట్టుకింద కూర్చొని ఈ కథ చెబుతూ సారు ఆగిపోయారు. “అయ్యగారూ, మా అమ్మకు డాక్టరు చీటీ రాసి పడుకోబెట్టినాడు. ఎవరూ తప్పు పట్టలేదు. నాకు ఎవరు రాస్తారు చీటీ?” అన్నారు. చేతిసంచిలో నుండి ఒక కాగితం తీసి చూపారు. అది స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు. ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉన్నది, కుమార్తె నర్సింగు చదువు సగంలో ఉన్నది, దానికి బ్యాంకు అప్పు ఉన్నది. ఆ కాగితం సంగతి ఆయన భార్యకు అప్పటివరకు తెలియదు. ఆమె దానిని చేతిలోనికి తీసుకొని, చదవకుండానే మడిచి, తన దగ్గర పెట్టుకొన్నది. “ఇది నా దగ్గర ఉండనీ. జూన్‌లో కావాలంటే ఇస్తాను” అన్నది.

ప్రియ చదువరీ, ఈ స్థితికి ఇంగ్లీషులో బర్నౌట్ అనే పేరు ఉన్నది. కాలిపోవడం అని అర్థం. దీపంలో నూనె ఉన్నంతసేపు నూనె మండుతుంది. నూనె అయిపోయిన తరువాత వత్తే మండుతుంది. 1974లో అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిని గూర్చి వ్రాసినప్పుడు, ఆయన ఎవరిని చూసి వ్రాశాడో గమనించాలి. ఉచిత వైద్యశాలలో ఆసక్తితో సేవచేయడానికి వచ్చినవారిని చూసి వ్రాశాడు. పరిచర్యలో ఉన్నవారికి ఈ సంగతి కొత్తగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వివరించి, ఇది రోగం కాదనీ, ఎడతెగని పని ఒత్తిడిని సర్దుకోలేకపోయినప్పుడు కలిగే స్థితి అనీ చెప్పి, మూడు గుర్తులు ఇచ్చింది. శక్తి ఉడిగిపోవడం మొదటిది. పనిమీద, ఆ పనిలోని మనుష్యులమీద మనసు దూరమై, విసుగు, వెటకారం రావడం రెండవది. నావల్ల ఏమీ జరగడంలేదు అనిపించడం మూడవది. మంచం అంచున కూర్చోవడం, “వాళ్ళు” అనడం, “మనమేమి చెప్పినా ఒకటే” అనడం. ఐదవ తరగతి చదివిన స్త్రీ మూడింటినీ మా వసారాలో కూర్చొని చెప్పింది.

కాలిపోతున్న మనిషికి తాను కాలిపోతున్నట్లు సాధారణంగా తెలియదు. తాను చెడిపోయాను, చేతకానివాడను అయ్యాను అనుకొంటాడు. అందువలన ఇంటివారి కండ్లు అవసరం. జీతం వచ్చే ఉద్యోగానికే ఇది వస్తుందని కూడా మేము అనుకోవడం లేదు. తెల్లవారి నాలుగింటికి లేచి ఇంటిపని, పాడిపని ముగించి కూలికి పోయి, వచ్చి మంచంపట్టిన అత్తకు సేవచేసే కోడలికి ఏ సంస్థ పట్టికలో చోటు ఉన్నదో మేము ఎరుగము. అంగన్‌వాడీ అమ్మలు, ఆశా కార్యకర్తలు, ఇంటింటికీ తిరిగే మన బైబిలు స్త్రీలు కూడా అట్టివారే.

ఒక హెచ్చరిక ఇక్కడ చెప్పాలి. పనికి దూరంగా ఉన్నప్పుడు కూడా సంతోషం రాకపోవడం, వారాల తరబడి ఆకలి, నిద్ర లేకపోవడం, చచ్చిపోతే బాగుండును అనే తలంపు రావడం ఇవన్నీ అంతకన్నా పెద్ద జబ్బుకు గుర్తులు. అప్పుడు ఆలస్యం చేయక మానసిక వైద్యుని చూడాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత ఫోను సహాయం ఉన్నది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరకు పోవడం అవిశ్వాసం అనేవారిని ఈ ఆరోగ్యవరం తీసుకొనివచ్చి చూపాలి.

ఆ చెట్టుకింద మేము 1 రాజులు 19వ అధ్యాయం చదివాము. కర్మెలులో అంత విజయం పొందిన ఏలీయా, బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యంలోనికి పోయి, బదరీవృక్షం క్రింద చావు కోరుకొన్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. నీ విశ్వాసం ఏమైంది అని అడుగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పము, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకొంటే మళ్ళీ పడుకోనిచ్చాడు. మాటలు, ప్రశ్నలు హోరేబు కొండ దగ్గర, నలువది దినముల తరువాత వచ్చాయి. ఇలా కృంగిపోయినవారు మన దగ్గరకు వస్తే మొదట మనం ఏమి చెబుతాము? మూడు దినములు ఉపవాసం ఉండమంటాము. దూత రొట్టె చేసి పెడితే మనం ఉన్న రొట్టెను కూడా లాగివేస్తాము. హోరేబులో దేవుడు ఇచ్చిన కొత్త ఆజ్ఞలలో ఎలీషాను అభిషేకించడం ఒకటి. అంటే ఆ బరువుకు మరొక భుజం చూపించాడు. నిద్ర ఇచ్చి, ఆహారం ఇచ్చి, పాత బరువునే ఒంటరిగా మోయమని పంపి ఉంటే ఏలీయా మరొక చెట్టు వెదుకుకొనేవాడేమో.

సాయంకాలం హార్సిలీ కొండకు పోయాము. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్లు, నాలుగువేల అడుగులకు పైబడిన ఎత్తు. మన జనం పెట్టుకొన్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్సిలీ దొర ఎండాకాలం గడపడానికి ఇక్కడ ఇల్లు కట్టుకొన్నాడు గనుక ఆయన పేరు నిలిచింది. కడప ఎండ ఎరిగినవారెవరూ ఆయనను తప్పు పట్టరు. అయితే ఆ ఇంటికి రాళ్ళు మోసిన కూలీలకు వేసవి సెలవు ఎవరిచ్చారు? ద్వితీయోపదేశకాండములోని విశ్రాంతిదినపు ఆజ్ఞలో యజమానితోబాటు దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి కూడా ఉన్నారు. ఆ భాగాన్ని మన సంఘాలలో ఎక్కువగా చదవము. పైన గాలి చల్లగా ఉన్నది. సారు అరగంట రాతిమీద పడుకొన్నారు. మేము టీ తాగాము.

అందరికీ కొండలు, ఆరోగ్యాలయాలు దొరకవు. ఈ విషయంలో క్షయ చరిత్రే మనకు మేలైన సంగతి చెబుతున్నది. 1944 తరువాత స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వాడుకలోనికి వచ్చాయి. 1956లో మద్రాసులో, బీద కుటుంబాల రోగులను రెండు భాగాలుగా చేసి, సగం మందిని ఆరోగ్యాలయంలో, సగం మందిని ఇండ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం ప్రకటించారు. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో, పూర్తి విశ్రాంతి లేకున్నా, క్రమంగా మందు తీసుకొన్నవారు ఆరోగ్యాలయంలోని వారితో దాదాపు సమానంగా బాగుపడ్డారు. ఆ ఫలితంతో ప్రపంచమంతటా వైద్యం ఇండ్లకు తరలింది. క్షయ వేరు, ఈ అలసట వేరు అని మాకు తెలుసు. దీనికి మాత్రలు లేవు. అయినా బాగుపడడం ఇంటిలోనే, ఉన్న ఊరిలోనే కూడా జరుగుతుందనే ధైర్యం మాకు ఆ సంగతి వలన కలిగింది.

తిరిగి వచ్చిన తరువాత సారు రెండు నెలలు సెలవు పెట్టారు. చీటీ వ్రాసే డాక్టరు కడపలో దొరికాడు. మొదటి పది దినములు ఆయన నిద్రపోవడం తప్ప మరేమీ చేయలేదని ఆయన భార్య చెప్పింది. మూడవ వారంలో బాగైపోయాననుకొని చేలో దిగి, మళ్ళీ పడ్డారు. ఇది మామూలే. ఇంగ్లాండులో ఫ్రిమ్లీ ఆరోగ్యాలయంలో మార్కస్ ప్యాటర్సన్ అనే వైద్యుడు కోలుకొంటున్న క్షయరోగులకు పనిని మెట్లుమెట్లుగా ఇచ్చేవాడు. ముందు నడక, తరువాత చిన్న గంపతో మట్టి, ఆ తరువాత చిన్న పార, ఆపైన పెద్ద పార. జ్వరం కనబడితే పని ఆపి పడక. సారుకు ఈ సంగతి చెబితే “అయితే నాది ఇంకా గంప కాలం” అన్నారు.

సంఘం లెక్కలు బి.కాం. చదివిన ఒక అమ్మాయికి అప్పగించాము. పెద్దలలో ఇద్దరు సణిగారు. ఆమె వ్రాసిన పుస్తకం సారు వ్రాసినదానికన్నా శుభ్రంగా ఉన్నది, ఈ మాట సారే కమిటీలో చెప్పారు. సండే స్కూలు ముగ్గురు యౌవనస్థులు పంచుకొన్నారు. కోతపండుగ వేలంపాట ఆ సంవత్సరం కొంచెం గందరగోళంగా జరిగింది, అయినా ఎవరూ చావలేదు. చేను కౌలుకు ఇచ్చారు. హార్మోనియం మాత్రం విడువనన్నారు, అది బరువు కాదట. మధ్యాహ్నం అన్నం తరువాత ఆ ఇంటిలో సానటోరియం గంట మళ్ళీ మొదలైంది. బడి ఉన్న దినాలలో కుదరదు గనుక సెలవు దినాలలోనే. బడికి రెండవ ఉపాధ్యాయుడు ఇంకా రాలేదు. ఫోనులో ఫొటోలు పంపే పని తగ్గలేదు. ఆ రెండూ సారు చేతిలోనూ లేవు, మా చేతిలోనూ లేవు. అర్జీలు పెడుతూనే ఉన్నాము.

జూన్‌లో బడి తెరిచారు. సారు వెళ్ళారు. మడిచిన కాగితాన్ని ఆయన అడుగలేదు, ఆమె ఇవ్వలేదు, అది ఇంకా బీరువాలోనే ఉన్నదట. ఆదివారపు కడుపునొప్పి పూర్తిగా పోలేదు గాని, నెలకు ఒకసారి వస్తున్నది.

సెప్టెంబరులో ఒక బుధవారం ప్రార్థన కూడిక ముగిసి చెప్పులు వేసుకొంటూ ఉండగా సారు మా దగ్గరకు వచ్చారు. మూడవ తరగతిలో వెంకటేశు అని ఒక పిల్లవాడు ఉన్నాడట. వ్యతిరేక పదాలు వ్రాయమంటే, ‘పగలు’కు ఎదురుగా ‘అతుకు’ అని వ్రాశాడట. చెబుతూ చెబుతూ ఆయనకే నవ్వు ఆగలేదు. ఆయన భార్య గుడి మెట్లమీద నిలబడి వింటున్నది.

మార్కు వేశారా అని మేము అడిగాము.

“సగం వేసినాను” అన్నారు.